కింది వరుసలో నీ ఫొటో

రావులపాలెం,
6 ఏప్రిల్ 2025.

చిరంజీవి నానికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. ఇవాళ శ్రీరామనవమి కదా, పందిళ్ల ఫ్లెక్సీల కోసం రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ ఆపలేదు. పొద్దున్నే గుళ్లో పానకం తాగొచ్చి, షట్టర్ సగం దించుకుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే నాన్నా, క్లాసుంది" అని పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో కట్ చెయ్యలేవు.

ఉగాది ముందు రోజు నువ్వు పెట్టిన స్టేటస్ చూశాను. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు డాని ఆల్వెస్ కప్పు పట్టుకున్న ఫొటో, పైన "నిజం గెలిచింది" అని. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. దాని తర్వాత, ఆయన మీద అత్యాచారం కేసు పెట్టిన అమ్మాయిదంటూ ఇంకో ఫొటో పెట్టావు, మొహం స్పష్టంగా కనపడేలా. కింద ఒక మాట రాశావు, ఆ మాట నేను రాయను. అదే ఫొటో మన చుట్టాల గ్రూపులోనూ పడింది. మీ అమ్మ చూసి ఫోను బోర్లా పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆల్వెస్ అంటే నీకెంత ఇష్టమో నాకు తెలియంది కాదు. 2015లో బార్సిలోనా మూడు కప్పులు కొట్టినప్పుడు నీకు పదేళ్లు. మిగిలిపోయిన వినైల్ ముక్క మీద ఆయన బొమ్మ ప్రింట్ తీయించుకునేదాకా షాపులోంచి కదల్లేదు నువ్వు. అందరూ గోల్స్ కొట్టేవాళ్ల వెంట పడితే, వెనకాల నుంచి పరిగెత్తుకొచ్చే రైట్ బ్యాక్‌ని ఇష్టపడ్డావు. నాకు అదే ముచ్చటేసింది. ఆ ఆట గొప్పదే, ఎవరు కాదన్నారు?

కేసు సంగతి నేనూ కూర్చుని చదివాను. 2022 డిసెంబరు 30 రాత్రి బార్సిలోనాలో ఒక నైట్‌క్లబ్బు బాత్రూంలో తన మీద అత్యాచారం చేశాడని ఒక అమ్మాయి ఫిర్యాదు ఇచ్చింది. 2023 జనవరి 20న అరెస్టు చేశారు. అరెస్టుకి ముందు ఆల్వెస్ టీవీలో ఏమన్నాడు? అసలు ఆమె ఎవరో తనకు తెలియదన్నాడు. అభిమానులు కూడా "అవును, ఎవరో తెలియని మనిషి, పేరు కోసం చేస్తోంది" అన్నారు. తర్వాత ఆయనే మాట మార్చి, జరిగింది నిజమే గానీ ఇద్దరి ఇష్టంతోనే జరిగిందన్నాడు. అభిమానులూ ఆయనతోపాటే మారిపోయారు, నిన్నటిదాకా ఏమన్నారో ఒక్కడికీ గుర్తు లేదు. డబ్బు కోసమే అంటారని తెలిసి ఆ అమ్మాయి నాకు పరిహారం వద్దని మొదట్లోనే చెప్పింది. అయినా డబ్బు కోసమే అన్నారు. 2024లో విచారణ మొదలవబోతుండగా ఆమెదంటూ ఒక వీడియో సోషల్ మీడియాలో పెట్టారు. పెట్టింది ఎవరో కాదు, ఆల్వెస్ తల్లి. నీ చేతికి వచ్చిన ఫొటో కూడా అలా బయటపడ్డదే అయ్యుంటుంది, లేదా ఆ కేసుతో ఏ సంబంధమూ లేని ఇంకెవరిదో అయ్యుంటుంది. రెండోదైతే ఇంకా ఘోరం.

2024 ఫిబ్రవరిలో నాలుగున్నరేళ్ల జైలు వేశారు. అప్పుడు "కోర్టులే అమ్ముడుపోయాయి" అన్నారు మీ గ్రూపులో. పోయిన నెల 28న కాటలోనియా హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. వెంటనే కోర్టు దేవుడైపోయింది.

ఆ తీర్పులో ఏముందో నువ్వు చదవలేదని నాకు నీ స్టేటస్ చూస్తేనే అర్థమైంది. నలుగురు జడ్జీలు, అందులో ముగ్గురు ఆడవాళ్లు, ఏకగ్రీవంగా ఇచ్చారు. కెమెరాలకి దొరికిన భాగం వరకూ ఆమె చెప్పినదానికీ వీడియోకీ పొంతన కుదరలేదనీ, ఒక మనిషిని దోషి అనడానికి ఉండాల్సినంత రుజువు లేదనీ అన్నారు. అలాగని ఆల్వెస్ తరఫు వాళ్లు చెప్పిందే నిజమని తాము అనడం లేదని కూడా అన్నారు. నువ్వేమో ఆమె అబద్ధం ఆడిందని కోర్టు తేల్చినట్టు రాశావు. కోర్టు వదిలేసిన మనిషిని దోషి అనే హక్కు నాకు లేదు, నేను అనను కూడా. ఆమెని అబద్ధాలకోరు అనే హక్కు నీకు ఎవరిచ్చారు?

బార్సిలోనాకి పోటీ క్లబ్బు రియల్ మాడ్రిడ్ ఫ్యాన్స్ రెండేళ్లు మీమ్స్ వేసి ఏడిపించారు, అందుకే పెట్టానని అమ్మతో అన్నావట. వాళ్లనీ నేను వెనకేసుకు రాను. వాళ్లకీ ఆమె మీద జాలి ఉండి కాదు, మీ మీద విసరడానికి ఒక రాయి దొరికింది. వాళ్లు విసిరారు, మీరు అదే రాయి తీసి తిరిగి విసిరారు.

కేసులు అన్నీ ఒకే దారిలో పోవు. బ్రెజిల్ ఆటగాడే రాబిన్యో ఉన్నాడు కదా. 2013లో మిలాన్‌లో జరిగిన సామూహిక అత్యాచారం కేసులో ఇటలీ కోర్టు 2017లో తొమ్మిదేళ్లు వేసింది. అప్పీలు నడుస్తుండగానే 2020లో శాంటోస్ క్లబ్బు ఆయన్ని మళ్లీ తీసుకుంది. స్పాన్సర్లు మొహం తిప్పుకునేసరికి ఒప్పందం పక్కన పెట్టింది. 2022లో ఇటలీ పై కోర్టు శిక్ష ఖాయం చేసినా, బ్రెజిల్ తన పౌరుల్ని బయటికి అప్పగించదు కాబట్టి 2024 మార్చి దాకా జైలుకి వెళ్లలేదు. ఇటు చూస్తే మాంచెస్టర్ సిటీ క్లబ్బు ఆటగాడు మెండీ. 2021లో అత్యాచారం కేసులు పెట్టారు, నెలల తరబడి జైల్లో ఉన్నాడు, 2023లో జ్యూరీలు అన్ని ఆరోపణల్లోనూ నిర్దోషి అన్నాయి. మొదటి రోజే మెండీని ఉరి తియ్యమన్న వాళ్లున్నారు, మొదటి రోజే రాబిన్యోని దేవుడన్న వాళ్లున్నారు. వాళ్లెవరూ కేసు చూసి చెప్పలేదు, జెర్సీ రంగు చూసి చెప్పారు.

అభిమానుల సంగతి నాకు ఒకరు చెప్పాలా? మన ఇల్లు గడిచేదే వాళ్ల మీద. (2022 వరల్డ్ కప్పప్పుడు మీ కోజికోడ్ దగ్గర పుల్లవూర్‌లో ఏట్లో నిలబెట్టిన మెస్సీ కటౌట్ చూసి, ప్రవాహంలో ఆ ఫ్రేము ఎలా నిలిపారా అని రెండు రోజులు ఆలోచించాను. దాని పక్కన నెయ్‌మార్‌ది ఇంకా ఎత్తు పెట్టారు. పెట్టకపోతే వాళ్లు అభిమానులెలా అవుతారు?) నువ్వు ఇంటర్‌లో ఉండగా ఒక రాత్రి షాపు మూసే వేళకి కుర్రాళ్లు గుంపుగా వచ్చారు. వాళ్ల హీరో మీద ఏదో కేసని ఆ సాయంత్రమే టీవీలో వచ్చింది. "అన్న వెంటే మేం" అని పన్నెండు బై ఎనిమిది ఫ్లెక్సీ తెల్లారేసరికి సెంటర్లో ఉండాలన్నారు. అసలు కేసేమిట్రా అని అడిగాను. ఒకడు భూమి తగాదా అన్నాడు, ఒకడు ఇన్‌కమ్ టాక్స్ అన్నాడు, మూడోవాడు "ఏదైతే ఏంటి బాబాయ్, అన్న అలాంటోడు కాదు" అన్నాడు.

హీరో బొమ్మ పెట్టడానికి మనకి ఐదు నిమిషాలు పట్టింది. మిగతా గంటన్నరా కింది వరుసతోనే సరిపోయింది. అదే, అభిమానుల పాస్‌పోర్టు ఫొటోలు వేస్తామే, అది. ఎవడిది ముందు, ఎవడిది పెద్దది, ఎవడి పేరు పక్కన 'యూత్ లీడర్' అని ఉండాలి. ఒకడికి కళ్లజోడు ఉన్న ఫొటోయే కావాలి, అది ఫోన్లో లేదు, ఇంటికెళ్లి తెచ్చాడు. ఫొటో చిన్నదైందని ఇంకొకడు డబ్బులు వెనక్కిమ్మన్నాడు. నేను ప్రింట్ వేసి ఐలెట్లు కొట్టి ఇచ్చాను, వాళ్లు సరుగుడు కర్రలకి కట్టుకుని పోయారు. ఆ ఫ్లెక్సీలో హీరో లేకపోయినా వాళ్లకి పెద్ద నష్టం లేదు, కింద తమ మొహం లేకపోతేనే నష్టం. హీరోని ఎవరైనా ఏమన్నా ఉలిక్కిపడేది అందుకే. పైన బొమ్మ చిరిగితే కింద వాడిదీ చిరుగుతుంది. ఉగాది ముందు రోజు నీ స్టేటస్‌లో కూడా నాకు ఆ కింది వరుసే కనపడింది.

ఇంకో సంగతి చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు అడగకు, ఊహించకు. నా పద్దెనిమిదో ఏట సంక్రాంతికి కబడ్డీ పోటీలు ఆడేవాళ్లం, నేను రిజర్వులో. మా టీములో ఒక రైడర్ ఉండేవాడు. వాడు కూతకి వెళ్తే అవతలి వాళ్లకి చెమటలు పట్టేవి. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో మాకు పేరు తెచ్చింది వాడే. పండక్కి పది రోజుల ముందు, కొబ్బరి పీచు పనికి వెళ్లే ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, కాలవ గట్టు మీద వాడు తనని ఏం చేశాడో రామాలయం అరుగు మీద పెద్దల ముందు చెప్పింది. మొదటి ప్రశ్న, "ఆ టైంలో గట్టు మీదకి ఎందుకెళ్లావ్?" రెండోది, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" జరిగి నాలుగు రోజులే అయింది. పాపం ఆ పిల్ల జడ చివర రిబ్బన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆఖరికి ఒక పెద్దాయన, "సరేనమ్మా, టోర్నమెంటు కానీ, అయ్యాక కూర్చుందాం" అన్నాడు.

టోర్నమెంటు అయింది. (రెండో రౌండులోనే ఓడిపోయాం, అది వేరే సంగతి.) మళ్లీ ఎవరూ కూర్చోలేదు. ఆ వేసవిలోనే ఆ పిల్లకి ఎక్కడో మెట్టలో సంబంధం చూసి పంపేశారు. ఆ రైడర్ ఇప్పటికీ మన షాపుకి వస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు. అరుగు మీద కూర్చున్న వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు నానీ. వాళ్లకి పండగ ముందు ఆ మాట వినడం ఇష్టం లేదు, అంతే.

"ఆమె ఎలాంటిదో" అనే మాట మీద కూడా ఒకటి. మా నాన్న చెప్పేవారు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒకావిడ మీద పోలీసులే అత్యాచారం చేశారని, అడ్డం వచ్చిన ఆమె భర్తని కొట్టి చంపారని రాష్ట్రమంతా గొడవ అయింది. పోలీసుల జవాబల్లా ఆవిడ మంచిది కాదనే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసు రాయచూరు కోర్టుకి మారి, 1981లో ఆ పోలీసులందరూ బయటపడ్డారు. అత్యాచారం చట్టాలు మార్చాలని దేశమంతా కదలడానికి అలాంటి కేసులే కారణం. బాధితురాలి పేరు, గుర్తులు బయటపెట్టడం నేరమని 1983లో రాశారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. ఆమె పాత స్నేహాలూ సంబంధాలూ తవ్వి "ఇష్టపడే వచ్చింది" అని వాదించడం చెల్లదని 2013లో చేర్చారు. నువ్వు పెట్టిన ఫొటో స్పెయిన్ అమ్మాయిది కాబట్టి నిన్ను ఎవరూ పట్టుకోరేమో. రేపు మన జిల్లా అమ్మాయిది పెట్టినా నీకు తేడా తెలియదని నా భయం.

ఆల్వెస్ నీ స్టేటస్ చూడడు. ఆ అమ్మాయీ చూడదు. ఎవరు చూశారో వాట్సాప్‌లో కింద పేర్లుంటాయిగా, ఒకసారి చదువుకో. మీ పిన్ని కూతురు చూసింది. పక్కింటి డిగ్రీ పిల్ల చూసింది. మీ క్లాసులో అమ్మాయిలు ఎంతమంది చూశారో నీకే తెలియాలి. రేపు వాళ్లలో ఎవరికైనా ఏదైనా జరిగితే, సాయానికి ఎవరికి ఫోన్ చెయ్యాలా అని మనసులో పేర్లు తిప్పుకుంటారు. నీ పేరు దగ్గర ఆగుతారా?

ఆట చూడ్డం మానెయ్యమని చెప్పడం లేదు. పోస్టర్ చింపమనీ అనను, అది నీ ఇష్టం. స్టేటస్ ఎలాగూ ఒక్క రోజులో పోయింది. చుట్టాల గ్రూపులో పడ్డ ఫొటో మాత్రం అందరి ఫోన్లలోనూ ఉంది. "ఆ ఫొటో నేను పెట్టకుండా ఉండాల్సింది, అందరూ డిలీట్ చెయ్యండి" అని నువ్వే రాయి. మీ పెదనాన్న ఏదో వెటకారం చేస్తాడు, చెయ్యనీ. మీ హాస్టల్ గ్రూపులో కూడా రాస్తే మంచిది. అక్కడ కష్టమని నాకు తెలుసు, నవ్వుతారు, "ఏంట్రా, పెద్ద మనిషివైపోయావ్" అంటారు. అందుకే అది నీకు వదిలేస్తున్నాను. చుట్టాల గ్రూపు సంగతి మాత్రం వదిలెయ్యను, ఈ ఉత్తరం అందిన రోజే రాయి.

ఇక్కడ దాళ్వా కోతలు మొదలయ్యాయి. అమ్మ మాగాయకి కాయలు కొనాలంటోంది, నువ్వొచ్చేసరికి ముక్కలు ఎండుతూ ఉంటాయి. పరీక్షలు అవగానే రాజమండ్రికి రిజర్వేషన్ చేయించుకో, ఆఖర్లో తత్కాల్ అని డబ్బులు తగలెయ్యకు. డబ్బులు అయిపోతే నాకు చెయ్యి, అమ్మని అడగకు.

ఇట్లు,
మీ నాన్న.