సాంకేతిక సమన్వయకర్తకు టైంటేబుల్‌లో చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారములు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కళాశాలలలో గత కొన్నేళ్లుగా ప్రొజెక్టర్లు, స్మార్ట్ బోర్డులు, వైఫై చాలా చోట్ల సమకూరాయి. వాటికి బిల్లులున్నాయి, స్టాక్ రిజిస్టరులో నంబర్లున్నాయి. ఆ సామగ్రి పాఠానికి పనికివచ్చేలా అధ్యాపకుల పక్కనుండి చూసే సాంకేతిక సమన్వయకర్తకు మాత్రం నాకు తెలిసిన కళాశాలలలో విడిగా పోస్టూ లేదు, అందుకోసం కేటాయించిన గంటలూ లేవు. కావలి ప్రాంతంలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నవాడిగా ఈ లోటును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచాను.

సమన్వయకర్త అనగానే ప్రొజెక్టర్ వెలగకపోతే కబురుపెట్టి పిలిపించవలసిన మనిషి అని చాలామంది అనుకుంటారు. అదీ ఆయన పనే. పాత ప్రొజెక్టరుకు వీజీఏ కేబుల్, కొత్త ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే ఉన్నప్పుడు, మధ్యలో తగిలించే కన్వర్టర్ ఏ బీరువాలో ఉందో తెలియక క్లాసులో పావుగంట పోవడం మేమందరం ఎరిగినదే. అసలు పని మాత్రం అంతకు ముందే, అధ్యాపకులు పాఠం సిద్ధం చేసుకునే దగ్గర ఉంటుంది.

మా తెలుగు విభాగంలో ఒక సీనియర్ అధ్యాపకురాలు ఎన్నో ఏళ్లుగా తయారుచేసుకున్న ప్రతిపదార్థాలు, వ్యాకరణ పాఠాలు అన్నీ పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైళ్లను విద్యార్థుల గ్రూపులో పెడితే సెల్‌ఫోన్లలో తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ ఏవేవో గుర్తులూ కనిపించాయి. మా కళాశాలలో సమన్వయకర్త బాధ్యతను అదనంగా చూస్తున్న యువ సహోద్యోగి కళాశాల వదిలిన తర్వాత మేడం పక్కన కూర్చుని, వాటిని ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో తారుమారైన ఒత్తులనూ దీర్ఘాలనూ పద్యం పద్యం చదువుతూ సరిచేశారు. పనిలో పనిగా ఆమెకు ఫోన్లోనే తెలుగు టైపు చేయడం నేర్పారు. ఇప్పుడు ఆ పాఠాలలో ఏ పదం కావాలన్నా పిల్లలు వెతుక్కోగలుగుతున్నారు. చూపు లేని విద్యార్థి ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో వాటిని వినగలడు. యంత్రం తెలిసినవారు ఊళ్లో చాలామంది ఉండవచ్చు గానీ, ఆ పద్యాలు పాడు కాకూడదన్న పట్టింపుతో యంత్రం దగ్గర కూర్చునేవారు ప్రతిచోటా దొరకరు.

మా అర్థశాస్త్ర విభాగంలో వీడియో పాఠాలు పెడదామన్న ఆలోచన వచ్చినప్పుడు కూడా ఆ సహోద్యోగి ముందుగా అడిగింది పిల్లలు ఏ ఊళ్ల నుంచి వస్తున్నారని. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే స్మార్ట్‌ఫోన్, అందులోనూ రోజుకింతని కొలిచిన డేటా. అరగంట వీడియో స్పష్టంగా ఉండాలంటే వందల ఎంబీలు పడుతుంది; అదే పాఠాన్ని సెకనుకు 32 కిలోబిట్ల ఆడియోగా రికార్డు చేస్తే 7 ఎంబీ చిల్లరతో సరిపోతుంది. బోర్డు మీద గీసే డిమాండ్, సప్లయ్ రేఖలను ఒక్క పేజీ పీడీఎఫ్‌గా జతచేయమన్నారు. అలాగే చేశాం, పిల్లలు వింటున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక సంగతి చూడండి. ఒక సెమిస్టరులో ఒక ప్రోగ్రాంకు ఉండే మొత్తం కోర్సులలో 40 శాతం వరకు స్వయం ద్వారా చదువుకుని క్రెడిట్లు పొందవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనలలో అనుమతించింది. పేరు నమోదు చేయించడం ఒక్క పూటలో అయిపోతుంది. అసైన్‌మెంట్ల గడువులు గుర్తుచేయడం, పరీక్షకు విడిగా దరఖాస్తు చేయించడం, వచ్చిన క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో చేరేదాకా చూడడం సెమిస్టరు పొడవునా సాగే పని. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగానూ, ఆధార్‌లో పొడి అక్షరంగానూ ఉన్న పిల్లల వివరాలు సరిచేయించడమే ఒక పెద్ద ప్రయాస. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్‌లిస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయ సేవ ద్వారా వేలకొద్దీ జర్నళ్లు, లక్షలాది ఈ-పుస్తకాలు కళాశాలలకు అందుతున్నా, లాగిన్ ఇచ్చి వెతకడం నేర్పేవారు లేని చోట అవి తెరుచుకోకుండానే ఉండిపోతాయి.

వాస్తవంలో జరుగుతున్నది వేరు. ఈ బాధ్యతను ఎవరో ఒక కంప్యూటర్ అధ్యాపకుడికి, కొన్నిచోట్ల గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకి, అదనపు పనిగా అప్పగిస్తారు. అప్పగించిన మరునాటి నుంచి హాజరు యాప్, స్కాలర్‌షిప్ వివరాలు, ఏఐఎస్‌హెచ్ఈ (కేంద్రం జరిపే ఉన్నత విద్యా సర్వే) ఫారాలు, కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ నివేదికకు ఫొటోలు, పైనుంచి సాయంత్రంలోగా పంపమని వచ్చే ఎక్సెల్ షీట్లు అన్నీ ఆయన బల్ల మీదికే చేరతాయి. పాఠం గురించి సలహా అడగడానికి వెళ్లిన మాబోటివారికి ఆయన తల ఎత్తే తీరిక కూడా ఉండదు. నాక్ 2017లో తెచ్చిన 1000 మార్కుల మదింపు పద్ధతిలో అనుబంధ కళాశాలలకు బోధన, అభ్యసనం, మూల్యాంకనం అనే ఒక్క అంశానికే 350 మార్కులు కేటాయించింది. ఆ బోధనకు తోడ్పడవలసిన మనిషిని నివేదిక టైపు చేయడానికి కూర్చోబెట్టడం నాకు ఎంత మాత్రమూ న్యాయంగా తోచడం లేదు, బాధగానూ ఉంది.

నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యాశాఖ అధికారులు ఈ విషయం పరిశీలించాలని కోరుతున్నాను. ప్రతి కళాశాలకు కొత్త పోస్టు ఇప్పటికిప్పుడు సాధ్యం కాదంటే అర్థం చేసుకోగలం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ నిర్దేశించిన వారానికి 16 గంటల బోధనలో కనీసం సగం తగ్గించి, ఆ గంటలను సమన్వయకర్త పనికని టైంటేబుల్‌లోనే రాయవచ్చు. చిన్న కళాశాలలైతే దగ్గరదగ్గరున్న రెండు మూడింటికి కలిపి ఒకరిని నియమించవచ్చు. ఆయన విధుల పత్రంలో డేటా ఎంట్రీ ఉండదని స్పష్టంగా రాసి, ఆ పని కార్యాలయ సిబ్బందికి అప్పగించాలి. గెస్ట్ ఫ్యాకల్టీ ఈ పని చేస్తున్న చోట ఆ గంటలకూ వేతనం చెల్లించాలి. వచ్చే విద్యా సంవత్సరపు టైంటేబుళ్లు వేసవి సెలవులలోనే తయారవుతాయి కనుక, ఉత్తర్వులు ఆలోగా ఇస్తే జూన్ నుంచే అమలు చేయడానికి వీలవుతుంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.