మెదడు మీ మార్చి 31 కోసం ఆగదు మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. రెండు భాషలు మాట్లాడే పెద్దవాళ్ల మెదడులో రెండేళ్లలో వచ్చే మార్పును స్కాన్‌లతో చూసే మా ప్రాజెక్టు గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ఫైలు మీ పరిధిలోని విభాగంలోనే ఉంది. నేను పంపిన వినతిపత్రాలన్నీ అందులోనే ఉండాలి, ఎవరైనా కట్టి ఉంటే. రెండో విడత నిధులు ఎందుకు ఆగాయని అడిగినప్పుడల్లా "అండర్ ప్రాసెస్" అన్న జవాబే వచ్చింది. ఈమధ్య ఒక అధికారి మాత్రం ఫోనులో కాస్త మనసు విప్పారు. "అందరికీ ఒకసారి స్కాన్ తీశారు కదండీ, మళ్లీ అదే మనిషికి అదే స్కాన్ ఎందుకు? ఉన్నదాంతో పేపరు రాసుకోండి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, కనీసం ఒక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పేలోపు ఫోను పెట్టేశారు కాబట్టి, అందరి ముందూ మీకే చెప్పుకుంటున్నాను.

2013లో మన హైదరాబాద్ నిమ్స్ నుంచి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి ఒక సంగతి బయటపెట్టింది. ఒక్క భాషే తెలిసినవారితో పోలిస్తే, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అప్పటిదాకా ఇలాంటి ఫలితాలు వలసలు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చేవి, అది భాష మహిమో వలస మహిమో తేలేది కాదు. మన ఊళ్లో పుట్టిన ఊరు దాటకుండానే రెండు మూడు భాషలు నోట్లో ఆడతాయి. ఇప్పుడు దేశంలో డిమెన్షియాతో ఉన్నవారు దాదాపు 88 లక్షల మందని అంచనా. ఆ నాలుగున్నరేళ్లను మెదడు ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది? మీ కమిటీ చదివి, మెచ్చుకుని, ఆమోదించిన మా ప్రశ్న అదే.

ఇక మళ్లీ స్కాన్ ఎందుకో చెబుతాను. ఫంక్షనల్ ఎమ్మారై ఆలోచనకు ఫోటో తీయదు, నెత్తురును చూస్తుంది. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కీ, వదిలేసిన హిమోగ్లోబిన్‌కీ అయస్కాంత గుణంలో ఉన్న తేడాను యంత్రం పట్టుకుంటుంది. 1990లో సీజీ ఒగావా చూపించింది ఇదే. ఆ తేడా ఎంతనుకున్నారు? 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో చాలాసార్లు ఒకటి రెండు శాతం. తల రెండు మూడు మిల్లీమీటర్లు కదిలితే అదీ గల్లంతు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఉండే తేడాలు దీన్ని ఇట్టే మింగేస్తాయి. అందుకే అదే మనిషిని, అదే యంత్రంలో, అదే పని చేయిస్తూ రెండేళ్ల ఎడంతో చూడాలి. మీరు సంతకం చేసిన ప్రతిపాదనలో రెండో స్కాన్ 24 నెలలకు అని రాసి ఉంది. మొదటి స్కాన్‌తోనే సగం ఫలితం చేతికొచ్చిందని మీ అధికారి అనుకుంటున్నట్టున్నారు. వచ్చింది సున్నా. మేం వెతికేది మార్పును, ఒక్క కొలతలో మార్పు దొరకదు.

ఆ స్కాన్‌కి వచ్చినవాళ్లెవరో కూడా వినండి. రిటైరైన బస్సు డ్రైవర్లు, మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే అమ్మలు, పాతబస్తీలో బట్టలు కుట్టే పెద్దాయనలు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, లేదా అటుది ఇటు. స్కాన్ యంత్రం హోరులో కదలకుండా పడుకుని, తెర మీద బొమ్మ చూసి, చుట్టూ ఉన్న రంగును బట్టి ఏ భాషలో పేరు అనుకోవాలో అనుకుని బటన్ నొక్కారు. మేమిచ్చింది ఆటో ఛార్జీలు. ఒంటి మీద లోహం ఉండకూడదంటే ఉంగరాలు, గొలుసులు తీసిచ్చిన ఆడవాళ్లు పుస్తెలు, మెట్టెల దగ్గర ఆగిపోయారు. ఒకావిడ ఆ రోజు వెనక్కి వెళ్లి, మర్నాడు పసుపుకొమ్ము కట్టిన తాడు మెడలో వేసుకుని వచ్చి, పుస్తెలతాడు భర్త చేతిలో పెట్టి లోపలికి నడిచింది. అప్పటి నుంచి మేమే పసుపుతాళ్లు సిద్ధం చేసి ఉంచాం. ఆ ఖర్చు రాయడానికి మీ వ్యయ నివేదికలో గడి లేదు, "ఇతరములు" అని రాశాం. దాని మీద అభ్యంతరం మాత్రం చాలా త్వరగా వచ్చింది.

ఇప్పుడు వాళ్లే ఫోను చేస్తున్నారు. "బిడ్డా, మళ్ల ఎప్పుడు రమ్మంటవ్? ఈ నడుమ అన్నీ యాది మరుస్తున్న" అంటే ఏం చెప్పమంటారు? అండర్ ప్రాసెస్ అనా? కొందరు ఊళ్లు మారారు. కొందరికి పేస్‌మేకర్ పెట్టారు, వాళ్లను ఇక మా స్కాన్‌కి తీసుకోలేం. కొందరు లేరు.

డబ్బు కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి వినండి. మొదటి విడత మార్చి మూడో వారంలో వచ్చింది. 31లోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుందన్నారు, పోయింది. అన్ని రోజుల్లో ఎన్ని తలలు స్కాన్ చేస్తాం? మా సంస్థ అప్పుగా ఇస్తే మొదటి స్కాన్లు పూర్తి చేశాం. ఇప్పుడేమో "మొదటి విడతే పూర్తిగా వాడలేదు, రెండోది దేనికి?" అని ప్రశ్న. ఈ తర్కాన్ని కనిపెట్టిన మెదడును స్కాన్ చేసే అవకాశం ఇప్పించండి, ఖర్చు నేనే పెట్టుకుంటాను.

మాకు సొంత యంత్రం లేదు, అడగనూ లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట, రోగులు అయిపోయాక, గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాం. నిధులు ఆగేసరికి ఆ ఒప్పందం గడువు తీరింది. ఈలోగా వాళ్లు తల చుట్టూ పెట్టే, సంకేతాలను అందుకునే కాయిల్ మార్చారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకు రోగులు ముఖ్యం. కానీ ఇకపై కనిపించే మార్పు ముసలావిడ మెదడుదా, కొత్త కాయిల్‌దా? తేల్చాలంటే కొందరికి రెండు కాయిళ్లతోనూ తీయాలి. పాతది ఇంకా స్టోర్‌రూములో ఉంది. త్వరలో కంపెనీకి తిరిగిచ్చేస్తారట.

మందిని తగ్గించి సర్దుకోమన్న సలహా కూడా అందింది. 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు చూపించారు. లెక్కల్లో చేయాల్సిన దిద్దుబాటు చేయకుండా చూస్తే దాని మెదడులోనూ "చురుకుదనం" కనిపించింది. మెదడు చిత్రంలోని వేల గడులను విడివిడిగా పరీక్షిస్తాం కదా, జాగ్రత్త లేకపోతే ఎక్కడో ఒకచోట ఉత్తినే వెలుగుతుంది. పదిమందితో సర్దుకుంటే మాకూ అలాంటి వెలుగులే దక్కుతాయి, పేపరూ వస్తుంది, మీ వార్షిక నివేదికలో ఒక అంకె పెరుగుతుంది. మా ఫైలును కూడా ఆ దిద్దుబాటు లేకుండా చూస్తే కదలిక కనిపిస్తుందేమో.

2023లో జేఆర్ఎఫ్‌ను, అంటే పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్‌ను, 31,000 నుంచి 37,000 రూపాయలకు పెంచారు. మా ప్రాజెక్టులో పనిచేసిన కుర్రాడికి పెంచిందీ రాలేదు, పాతదీ రాలేదు. ఇప్పుడతను కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెబుతున్నాడు, జీతం ఒకటో తేదీన పడుతుందట. 2025 జూలైలో పరిశోధనల కోసం లక్ష కోట్ల నిధికి మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు నేనూ సంతోషించాను. మేమడిగే మొత్తం దాని పక్కన పెడితే కంటికి కూడా ఆనదు.

దయచేసి ఆ రెండో విడత విడుదల చేయండి. విడుదల చేయలేకపోతే ప్రాజెక్టు రద్దు చేశామని రాసివ్వండి, ఆ కాగితం చూపించి వాళ్లకు నేను చెప్పుకుంటాను. ఏదైనా ఒకటి, ఆ కాయిల్ వెళ్లిపోయేలోపు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక నాడీశాస్త్ర పరిశోధకురాలు,
హైదరాబాద్

జతపరచినది: వినియోగ ధ్రువపత్రం, మళ్లీ.