పుస్తక విభాగం వార్షిక నివేదిక: అమెరికా కళ, సంస్కృతి చరిత్ర గ్రంథాల పఠనం

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత ఉగాది నాటి సర్వసభ్య సమావేశం పుస్తక విభాగానికి ఒక పని అప్పగించింది. ఈ దేశంలో స్థిరపడి ఇన్నేళ్లయినా ఇక్కడి చిత్రకళ, శిల్పం, రంగస్థలాల చరిత్ర మనలో చాలామందికి పైపైనే తెలుసు కాబట్టి, ఆ చరిత్రను చెప్పే మంచి గ్రంథాలను ఎంచుకుని, నెలనెలా కలిసి చదివి, వీలైనవాటిని సంఘం గ్రంథాలయానికి సమకూర్చాలన్నది ఆ తీర్మానం. వాషింగ్టన్ పరిసరాల్లో ఉండడం ఇందుకు బాగా కలిసివచ్చింది. పుస్తకంలో అచ్చయిన బొమ్మను చూసి, ఆ వారాంతంలోనే అసలు చిత్రం ముందు నిలబడే వీలు అందరికీ దొరకదు.

పఠనం రాబర్ట్ హ్యూస్ 1997లో వెలువరించిన ‘అమెరికన్ విజన్స్’తో మొదలైంది. సిడ్నీలో పుట్టి, టైమ్ పత్రికకు దశాబ్దాలపాటు కళావిమర్శ రాసిన హ్యూస్, అదే పేరుగల టెలివిజన్ ధారావాహికకు తోడుగా రాసిన ఈ గ్రంథం 600 పేజీలు దాటుతుంది. బరువు చూసి వెనుకాడినవారు కూడా నాలుగు పేజీలు తిరగేశాక వదలలేకపోయారు. ఆయన తీర్పులు కొన్నిచోట్ల మరీ కటువుగా ఉంటాయని విభాగం అభిప్రాయపడినా, మొదటిసారి ఈ చరిత్రలో అడుగుపెట్టేవారికి ఇంతకంటే చదివించే పుస్తకం మా దృష్టికి రాలేదు.

ఆ వెంటనే జేమ్స్ పోర్టర్ 1943లో ప్రచురించిన ‘మోడర్న్ నీగ్రో ఆర్ట్’ను చేపట్టాము. పోర్టర్ స్వయంగా చిత్రకారుడు. మన ఊళ్లోనే ఉన్న హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన అధ్యాపకుడు. నల్లజాతి కళాకారుల పేర్లు సాధారణ చరిత్రల్లో కనిపించని కాలంలో ఆయన పాత పత్రికలు, ప్రదర్శనల జాబితాలు వెతికి ఆ పేర్లను బయటికి తీశారు. ఏడాది మొత్తంలో అత్యంత దీర్ఘమైన చర్చ ఈ పుస్తకం మీదనే సాగింది. ఆ చర్చ చివరికి 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక ప్రదర్శన దగ్గరికి చేరింది.

ఆ ప్రదర్శనలో థామస్ ఈకిన్స్ గీసిన ‘గ్రాస్ క్లినిక్’ను కళామందిరంలోకి తీసుకోలేదు, శస్త్రచికిత్స చేస్తున్న వైద్యుడి చేతి మీద నెత్తురు చూపిన ఆ చిత్రాన్ని సైనిక వైద్యశాల నమూనా గదిలో వేలాడదీశారు. నల్లజాతి చిత్రకారుడు ఎడ్వర్డ్ బానిస్టర్ గీసిన ‘అండర్ ది ఓక్స్’కు ప్రథమ శ్రేణి పతకం వచ్చింది. ఆ సంగతి రూఢి చేసుకోవడానికి వెళ్లిన బానిస్టర్‌ను, నల్లవాడన్న కారణంగా, అక్కడివారు చులకనగా చూశారు. గీసింది ఎవరో తెలిశాక నిర్ణయం మార్చాలన్న ఆలోచన కూడా వచ్చిందట, కానీ తోటి చిత్రకారులు పతకం ఆయనకే దక్కాలని పట్టుబట్టారు. ఆ చిత్రం ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. అక్కడే ప్రదర్శించిన నల్లజాతి శిల్పి ఎడ్మోనియా లూయిస్ పాలరాతి శిల్పం ‘క్లియోపాత్రా మరణం’ చికాగో పక్కన ఒక గుర్రపు పందేల మైదానంలో, క్లియోపాత్రా అనే గుర్రం సమాధి మీద గుర్తురాయిగా దశాబ్దాలపాటు ఎండకు, వానకు నిలిచింది. 1994లో అది స్మిత్సోనియన్ అమెరికన్ కళా సంగ్రహాలయానికి చేరింది. సభ్యులు వెళ్లి చూసినప్పుడు రాణి ముఖం మీద, పీఠం అంచుల మీద రాయి అరిగిపోయిన చోట్లనే ఎక్కువసేపు పరిశీలించారు.

నల్లజాతి ప్రజలు అమెరికా దక్షిణాది నుంచి ఉత్తరాదికి తరలివెళ్లిన కథను చెబుతూ చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1941లో పూర్తిచేసిన వలసల చిత్రమాలలో 60 పలకలుంటే, బేసి సంఖ్యలవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లోనూ, సరి సంఖ్యలవి న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలోనూ ఉన్నాయి. లారెన్స్ న్యూయార్క్‌లోని హార్లెమ్ గ్రంథాలయంలో ఆ చరిత్ర చదివి, ముందు వ్యాఖ్యలు రాసుకుని, పలకలన్నీ వరుసగా పెట్టుకుని ఒక్కొక్క రంగునే అన్నింటికీ పూసుకుంటూ వెళ్లడం వల్ల మొదటి పలకలోని ఆకుపచ్చ, పసుపు చివరిదాకా అదే ఛాయలో కనిపిస్తాయి. 57వ పలకలో తెల్లని అంగీ వేసుకున్న స్త్రీ కర్రతో తొట్టిలోని రంగుబట్టలను కలియబెడుతూ ఉంటుంది. ఫిలిప్స్‌కు మా వెంట వచ్చిన పిల్లలు ఆ పలకను వదిలి కదలలేదు.

లారెన్స్ లెవిన్ 1988లో రాసిన ‘హైబ్రౌ/లోబ్రౌ’ను ఒక్క సమావేశంలోనే ముగించాల్సి వచ్చింది. 19వ శతాబ్దపు అమెరికాలో షేక్‌స్పియర్ నాటకం సామాన్య ప్రేక్షకుడి సొత్తుగా ఉండి, తరువాత ఉన్నత వర్గాల సొత్తుగా ఎలా మారిందో ఆ పుస్తకం వివరిస్తుంది. నటుడిని మెచ్చినా, ఈలవేసి దించినా ఆనాటి ప్రేక్షకుడు మన పద్యనాటకాల్లో ‘వన్స్‌మోర్’ అని అరిచే మనిషి లాంటివాడే. అయితే 1849 మే నెలలో న్యూయార్క్ ఆస్టర్ ప్లేస్ దగ్గర ఇద్దరు నటుల అభిమానుల వైరం అల్లరిగా ముదిరి, సైన్యం కాల్పుల్లో 20 మందికి పైగా చనిపోయారు.

మన తెలుగు ప్రాంతంతో నేరుగా సంబంధమున్న పుస్తకం ఒకటి ఈ ఏడాది చేరింది. చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని అతెలియే 17 అనే అచ్చుచిత్రాల కార్యశాలలో పనిచేసి, 1976 నుంచి న్యూయార్క్‌లో స్థిరపడి, 2018లో అక్కడే కన్నుమూసిన కృష్ణారెడ్డి 1988లో తన అచ్చుచిత్ర (చెక్కిన ఫలకకు రంగు పూసి కాగితం మీద అచ్చు తీసే చిత్రం) పద్ధతిని ఆంగ్లంలో గ్రంథంగా రాశారు. సిరాలో కలిపే అవిసె నూనె పాళ్లు మార్చితే ఒక రంగు మరొకదానితో కలవకుండా నిలుస్తుంది. లోతులు వేర్వేరుగా చెక్కిన లోహపు ఫలక మీద మెత్తని రోలరు లోపలిదాకా, గట్టి రోలరు పైపైన తాకుతాయి. అందువల్ల అన్ని రంగులూ ఒకే అచ్చులో పడతాయి. అమెరికా అచ్చుచిత్రకళ చరిత్ర చదివే తెలుగువారు ఆయన పేరు తెలియకుండా ముందుకు పోవడం తగదని విభాగం భావిస్తున్నది.

ఖర్చు విషయానికి వస్తే, రంగుల బొమ్మలున్న కళాగ్రంథాల ధరలు ఎక్కువ కాబట్టి సాధ్యమైనంతవరకు పాత ప్రతులే కొన్నాము. మిగిలినవి కౌంటీ గ్రంథాలయాల నుంచి తెప్పించుకున్నాము. లెక్కలు కోశాధికారి నివేదికలో చేర్చబడ్డాయి.

వచ్చే సంవత్సరానికి, ఆర్థిక మాంద్యంలో కళాకారులకు పని కల్పించేందుకు ప్రభుత్వం 1935లో మొదలుపెట్టిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ మీద పుస్తకాలు చదవాలని ప్రతిపాదిస్తున్నాము. ఆ ప్రాజెక్ట్ కింద పాత గృహవస్తువులను నీటిరంగుల్లో నమోదు చేసిన సుమారు 18,000 చిత్రాలు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని చూసేందుకు ముందస్తు అనుమతి కోరే బాధ్యత తీసుకోగల సభ్యులు కార్యదర్శికి తెలియజేయవలసిందిగా మనవి. హ్యూస్ గ్రంథం తీసుకెళ్లినవారు దయచేసి ఈ ఉగాదిలోగా తిరిగి ఇవ్వగలరు. దాని కోసం ఎదురుచూస్తున్నవారి జాబితా పెద్దదిగా ఉంది.