ఒకే మోడల్, రకరకాల స్క్రీన్లు: మా కస్టమర్లకు కొన్ని మార్పులు

నమస్తే అండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మా షాపుకి వచ్చి సెకండ్ హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్‌లు కొనేవారికీ, వాట్సాప్‌లో రేట్లు అడిగేవారికీ కలిపి రాస్తున్నాను. ఈ నెల నుంచి అమ్మే పద్ధతి కొంత మారుస్తున్నాం. వీటిలో మీకు నచ్చనివి కూడా ఉంటాయి, అందుకే కారణాలతో సహా చెప్తున్నాను.

మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "టి490 ఎంత?", "840 జి5 ఉందా?" అనే. మొదటిది లెనోవో థింక్‌ప్యాడ్, రెండోది హెచ్‌పీ ఎలైట్‌బుక్. మోడల్ పేరు చెప్తే బాడీ, కీబోర్డు, పోర్టులు తెలుస్తాయి గానీ స్క్రీన్ ఎలాంటిదో తెలియదు. ఇవన్నీ ఒకప్పుడు కంపెనీలు తమ ఉద్యోగులకోసం గంపగుత్తగా ఆర్డర్ పెట్టినవి. బడ్జెట్‌ను బట్టి ఎవరికి తోచిన స్క్రీన్ వాళ్లు ఎంచుకున్నారు. థింక్‌ప్యాడ్ టి490నే చూడండి. ఫుల్ హెచ్‌డీలోనే 250 నిట్ల (నిట్లంటే స్క్రీన్ వెలుతురు కొలత) ప్యానెల్, అంటే స్క్రీన్ పలక, ఒకటి, తక్కువ కరెంటు తీసుకునే 400 నిట్ల ప్యానెల్ ఇంకొకటి. ఏసీ గదిలో 250 నిట్లు హాయిగా సరిపోతాయి. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉన్న కిరాణా కౌంటర్ మీద పెడితే మధ్యాహ్నం పూట మీ ముఖమే అందులో కనిపిస్తుంది. రంగుల్లోనూ తేడా ఉంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసి ఉన్న ప్యానెల్‌లో ఎరుపు వెలిసిపోయినట్టుంటుంది, 72 శాతం దాంట్లో పెళ్లి ఫొటోలు ధైర్యంగా దిద్దుకోవచ్చు. ట్యాలీ, ఎక్సెల్ తప్ప వేరే పని లేనివాళ్లు దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

అందుకని ఇకపై ప్రతి పీస్ మీద ప్యానెల్ నంబరు, నిట్లు రాసి స్టిక్కర్ అంటిస్తాం. ఒకే మోడల్‌కు రెండు రేట్లు కనిపిస్తే కంగారు పడకండి, కారణం అదే. మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాంట్లో ఏ ప్యానెల్ ఉందో చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మానిటర్ దగ్గర నంబరు చూపిస్తుంది. 14 అంగుళాలవైతే బి140 అని మొదలయ్యేది ఏయూఓ, ఎన్140 ఇన్నోలక్స్, ఎల్‌పీ140 ఎల్‌జీ, ఎన్‌వీ140 బీఓఈ తయారీ. ఆ నంబరు పూర్తిగా గూగుల్‌లో కొడితే మిగతా వివరాలు వస్తాయి.

ఎలైట్‌బుక్‌లలో ష్యూర్ వ్యూ ఉన్నవి విడిగా పెడుతున్నాం. పక్కవాడికి స్క్రీన్ కనపడకుండా చేసే ఈ ఏర్పాటును హెచ్‌పీ 2016లో తెచ్చింది. 840 జి5లో ఎఫ్2 నొక్కితే ఆన్ అవుతుంది. పాత తరం ష్యూర్ వ్యూ ఆఫ్‌లో ఉన్నా పక్క నుంచి చూస్తే మామూలు ఐపీఎస్ (పక్క నుంచీ బాగా కనిపించే రకం) స్క్రీన్ అంత బాగా కనపడదు. రైల్లో క్లయింట్ల లెక్కలు చూసుకునే ఆడిటర్‌గారికి ఇది వరం. ఆన్‌లైన్ క్లాసు ఇద్దరు పిల్లలు కలిసి చూసే ఇంటికి మాత్రం నేనే వద్దంటాను.

"స్క్రీన్ పోయిందండీ, వెలుతురు దానంతటదే తగ్గుతోంది" అని తెచ్చేవాటిలో చాలావాటికి రోగమే ఉండదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు, తెర మీది బొమ్మను బట్టి కరెంటు ఆదా చేయడానికి ఇంటెల్ గ్రాఫిక్సే వెలుతురు తగ్గిస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో పవర్‌లోకి వెళ్లి, ఆన్ బ్యాటరీ కింద డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆఫ్ చేయండి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ కింద కూడా ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది. మా దగ్గరికి తెస్తే ఉచితంగా చేసిస్తాం గానీ, దీనికోసం వరంగల్ నుంచి బస్సెక్కి రావద్దు.

డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాలు, కరపత్రాల పేజీలు కట్టే పని) చేసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. పన్నెండున్నర అంగుళాల 1366×768 స్క్రీన్ల (ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ చుక్కలున్నవి) అమ్మకం ఆపేశాం. ఇంగ్లిష్‌కు ఎలాగో నెట్టుకొస్తారు గానీ, చిన్న అక్షరాల్లో తెలుగు వత్తులు కలిసిపోయి ప్రూఫ్ చూడటం నరకం. అలాగని 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీతో సమస్య మొత్తం తీరదు. స్కేలింగ్ (విండోస్‌లో అక్షరాలు, మెనూల సైజు) 125 శాతం పెడితే పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములు మసకబారతాయి, 100 పెడితే మెనూలు చీమల బారులా ఉంటాయి. రోజంతా పేజీలు కట్టేవారు పెద్ద మానిటర్ ఒకటి తగిలించుకోవడమే మేలు. 4కె మానిటర్ అయితే టి480, ఎక్స్280 లాంటి థింక్‌ప్యాడ్‌ల హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టకండి. అది 1.4 రకం, 4కెలో 30 హెర్ట్జే (సెకనుకు 30 సార్లే బొమ్మ మారుతుంది) ఇస్తుంది, మౌస్ ఈడుస్తున్నట్టుంటుంది. యూఎస్‌బీ-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేస్తే 60 వస్తుంది.

ఇక ర్యామ్. 2025 చివరి నుంచి ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారాన్నే మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ల్యాప్‌టాప్‌తో పాటు ర్యామ్ పెంచి ఒకే రేటు చెప్పడం ఇక మావల్ల కాదు. ర్యామ్ రేటు ఏ రోజుకా రోజు బోర్డు మీద ఉంటుంది. టి480, డెల్ ల్యాటిట్యూడ్ 7490, 840 జి5లకు రెండేసి ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, ఇప్పుడు 8 జీబీతో తీసుకుని ధర దిగాక పెంచుకోవచ్చు. ఎక్స్280లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఏది కొంటే చివరిదాకా అదే. 8 జీబీ ఎక్స్280ని ఇక మేం తెప్పించం, బరువు తక్కువని ఎంత అడిగినా సరే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ను సాధారణంగా తీసుకోని ఏడో తరం, అంతకు ముందు ఇంటెల్ ప్రాసెసర్లలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇవ్వడం లేదు. లైనెక్స్ చాలనుకునేవారికి ఆ పీసులు ఉన్నాయి, చవగ్గా ఇస్తాం.

స్క్రీన్ మీద తెల్ల మచ్చల గురించి కూడా. మూత మీద బరువు పడితే ఇవి వస్తాయి, కిక్కిరిసిన బస్సులో వీపు మీది బ్యాగు నలిగినా చాలు. అమ్మేటప్పుడు తెల్ల పేజీ తెరిచి మీకు చూపించి, ఫొటో తీసి బిల్లుతో పంపుతాం. ఆ తర్వాత వచ్చిన మచ్చకు వారంటీ వర్తించదు. ప్యానెల్ మార్చాలంటే మేం కొన్న ధరకే వేస్తాం, కూలి వేరు. టి480కి ఫుల్ హెచ్‌డీ తీసేసి డబ్ల్యూక్యూహెచ్‌డీ (ఇంకా ఎక్కువ చుక్కలున్న స్క్రీన్) వేయించుకోవాలంటే 40 పిన్నుల కేబుల్ కూడా కావాలి, అది మా దగ్గర ఎప్పుడూ ఉండదు. ముందు ఫోన్ చేసి రండి.