శాంతికాలంలో స్క్వాడ్రన్‌కు పెద్ద ఎవరు?

రక్షణ శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరై, బెంగళూరు జాలహళ్లిలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. మాలాంటి పాత ఎయిర్‌మెన్ నలుగురు కలిస్తే ఇప్పుడు థియేటర్ కమాండ్ల ముచ్చటే, అంటే ఒక్కో ప్రాంతంలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ ఒకే కమాండర్ కింద పనిచేసే ఏర్పాటు. యుద్ధమొస్తే మూడు దళాలూ ఒకే కమాండర్ మాట వినాలంటే కాదనేవాళ్లం కాదు. మా టెన్షనంతా యుద్ధం లేని రోజుల గురించే.

ఇప్పుడు ఆపరేషన్లు చూసే కమాండ్లు ఐదు: ఢిల్లీ, షిల్లాంగ్, ప్రయాగ్‌రాజ్, గాంధీనగర్, తిరువనంతపురం. మరమ్మతులు నాగ్‌పూర్‌లోని మెయింటెనెన్స్ కమాండ్‌వి. శిక్షణ మా ఊళ్లోని ట్రైనింగ్ కమాండ్‌ది, మన దుండిగల్ అకాడమీ కూడా దాని కిందిదే. వీటి మధ్య పేచీ వస్తే తేల్చడానికి వైమానిక దళాధిపతి ఒక్కరున్నారు.

రేపు ఆపరేషన్లు థియేటర్ కమాండర్‌వి, మనుషుల్నీ విమానాల్నీ సిద్ధం చేసే పని దళాధిపతిది అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ థియేటర్ కమాండర్ గస్తీకి ఇంకో నాలుగు విమానాలు కావాలన్న వారమే వాటికి ఓవర్‌హాల్ (విప్పి పూర్తిగా బాగుచేయడం) గడువు పడిందనుకోండి. వద్దనేది ఎవరు? గస్తీలు పెరిగి కుర్ర పైలట్లకు ప్రాక్టీసు గంటలు తగ్గితే జవాబు చెప్పేదెవరు? యుద్ధ విమానాల స్క్వాడ్రన్లు (విమానాల జట్లు) 42 ఉండాల్సిన చోట, 2025 సెప్టెంబరులో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. విమానాలు ఇంత తక్కువైతే ఇలాంటి పేచీలు రోజూ వస్తాయి.

మా దగ్గర ఎఫ్-700 అని ఒక రిజిస్టరు ఉండేది. విమానం ఎగిరేముందు ఇంజిన్ వాడు, ఎలక్ట్రికల్ వాడు, ఎవరి పని వాళ్లు చూసుకుని సంతకం పెట్టాలి. ఆఖర్న పైలట్ పెట్టాలి. అర్ధరాత్రయినా, చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నా, సంతకం పడందే విమానం కదలదు. (పైవాళ్లు ఫోన్లో తొందరపెట్టడం మామూలే, అది వేరే కథ.) తర్వాత ఏదైనా జరిగితే ఆ పేజీ తీస్తే చాలు. అలాంటి పేజీ పైస్థాయిలోనూ ఉండాలని మా కోరిక.

2024 మే నుంచి అమల్లో ఉన్న చట్టంతో ఉమ్మడి సంస్థల కమాండర్లకు అన్ని దళాల సిబ్బందిపైనా క్రమశిక్షణ అధికారం వచ్చింది, మంచిదే. అయితే ఓవర్‌హాల్‌కూ, ప్రాక్టీసు గంటలకూ ఆ చట్టంలో జవాబు దొరకదు.

అండమాన్‌లో 2001 నుంచే ఉమ్మడి కమాండ్ నడుస్తోంది. అక్కడ విమానాల మెయింటెనెన్స్‌లో ఎదురైన చిక్కులేమిటో, రహస్యం కానంతవరకు పార్లమెంటు ముందు పెట్టండి. కొత్త ఉత్తర్వుల మీద సంతకం చేసేముందు, శాంతికాలంలో విమానాన్ని ఆపే అధికారం ఎవరిదో అందులో రాయించండి. ట్రైనింగ్ కమాండ్‌ను మాత్రం ముక్కలు చేయకండి.

ఇట్లు,
ఒక మాజీ సార్జెంట్, జాలహళ్లి, బెంగళూరు