పుట్టిన తేదీ చూడకుండా జైలుకు పంపవద్దు

సంపాదకునికి,

అయ్యా,

పద్దెనిమిదేళ్లు నిండని వారిని, వారిపై ఎంతటి నేరారోపణ ఉన్నా, పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం పదో సెక్షన్ చెబుతోంది. అదుపులోకి తీసుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, వారిని, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉండగా పిల్లలు పెద్దల జైళ్లకు ఎలా చేరుతున్నారు? వరంగల్ చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన నాకు కనిపించిన కారణం ఒకటే. రిమాండ్‌కు పంపే రోజున ఆ పిల్లవాడి పుట్టిన తేదీని ఎవరూ కాగితం మీద చూడటం లేదు.

కొన్నేళ్ల కిందట, వేసవి సెలవుల్లో, మా బడిలో తొమ్మిదో తరగతితో చదువు మానేసిన ఒక అబ్బాయి తల్లి మా ఇంటికి వచ్చింది. కైకిలికి పోయి బతికే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ దొంగిలించారన్న కేసులో ఇద్దరు పెద్దవాళ్లతో పాటు తన కొడుకునూ పట్టుకున్నారని, జైలుకు పంపి అప్పటికే నెల దాటిందని చెప్పింది. "సారూ, మావోడు చిన్నోడే, మీ బడి పుస్తకంల రాసే ఉంటది గద" అని అడిగింది. రిజిస్టర్ ప్రకారం అతనికి పదహారేళ్ల ఎనిమిది నెలలు. రిమాండ్ కాగితాల్లో మాత్రం పందొమ్మిదేళ్లు. ఆరా తీస్తే ఆ అంకె ఆధార్ కార్డులోనిదని తేలింది. పద్దెనిమిది నిండనిదే పనిలో పెట్టుకోనని ఒక మేస్త్రీ అంటే, ఇంట్లోవాళ్లే కార్డులో వయసు పెంచి రాయించారు. కూలి కోసం కలుపుకున్న ఏళ్లే అతన్ని జైలుకు చేర్చాయి. బడికి తాళం, అటెండర్ ఊళ్లో లేడు. పుట్టిన తేదీతో బడి బోనఫైడ్ పత్రం నేను ఇచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల బాధ్యత నాదేనని ఈనాటికీ అనుకుంటాను.

వయసు నిర్ధారణలో ఏ కాగితం ముందో, ఏది తర్వాతో అదే చట్టం 94వ సెక్షన్ నిర్దేశించింది. మొదట పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేనప్పుడు పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఇవేవీ దొరకనప్పుడే ఎముకల పరీక్ష. ఈ వరుసలో ఆధార్ ప్రస్తావన లేదు. ప్రమాద పరిహారానికి సంబంధించిన ఒక కేసులో, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. బడిలో చేర్చుకునేటప్పుడు జూన్ నెల వేసి రాసిన పుట్టినరోజులు మన పల్లెల్లో చాలా ఉన్నాయని, వాటిని ఎలా నమ్మాలని కొందరు అడుగుతారు. నిజమే, నేనూ అలా రాసినవాణ్నే. అయినా ఏ కేసూ లేని రోజున, ఐదేళ్ల పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టుకొని రాసిన తేదీ, పోలీసు స్టేషన్‌లో మీసకట్టు చూసి వేసిన అంచనా కన్నా నమ్మదగినది.

నేరం జరిగిన నాటికి తాను మైనర్‌నన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు వచ్చాక కూడా లేవనెత్తవచ్చని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఆ విచారణ సాగే కాలంలో అతన్ని జైలులో కాకుండా సురక్షిత స్థలంలో ఉంచే వీలూ కల్పించింది. కానీ ఆ వాదన వినిపించేది ఎవరు? జైలులో ఉన్న పిల్లవాడికి ఈ సెక్షన్ తెలియదు, బయట ఉన్న తల్లికి వకీలు తెలియడు. పైగా 2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఆసుపత్రి కోసం ఖాళీ చేయించి ఖైదీలను వేరే జైళ్లకు తరలించాక, ములాఖత్‌కు వెళ్లడమే ఇక్కడి పేద కుటుంబాలకు భారమైంది. జైళ్లలో ఉన్న మైనర్లను గుర్తించి న్యాయ సహాయం అందించేందుకు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2024లో దేశవ్యాప్తంగా ఒక కార్యక్రమం చేపట్టింది. మంచి పనే, కానీ అది అప్పటికే లోపలికి వెళ్లినవారిని వెతికే పని.

ఘోర నేరాలకు పాల్పడేవారిపై దయ ఎందుకనే ఆగ్రహం నాకు అర్థమవుతుంది. పదహారు నిండినవారిని అలాంటి నేరాల్లో పెద్దవారిగా విచారించే అవకాశం చట్టంలో ఉంది. అలా శిక్ష పడినా ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేవరకు జైలుకు పంపరాదని కూడా అదే చట్టంలో ఉంది. మా బడి అబ్బాయిది ఘోర నేరం కాదు, అసలు నేరమే రుజువు కాలేదు. అయినా బోర్డు ముందుకు చేరి బెయిల్ వచ్చేసరికి నలభై ఏడు రోజులు పెద్దల మధ్య గడిపాడు. చదువు మళ్లీ మొదలుపెట్టమని ఎన్నిసార్లు చెప్పినా, తల వంచుకొని వెళ్లిపోయాడు తప్ప బడి గేటు దాటి లోపలికి రాలేదు.

నేను కోరేది కొత్త చట్టం కాదు. ఇరవై ఏళ్ల లోపు వాడిగా కనిపించే ప్రతి నిందితుడి విషయంలో బడి పత్రాన్ని రిమాండ్ రిపోర్టుకు జతచేయాలి, అది లేకపోతే ఎందుకు లేదో మేజిస్ట్రేట్ అడగాలి. ప్రతి స్టేషన్‌లో ఉండాల్సిన బాలల సంక్షేమ పోలీసు అధికారి వద్ద ప్రధానోపాధ్యాయుల, మండల విద్యాధికారి ఫోన్ నంబర్లు ఉండాలి. మూతపడిన బడుల రిజిస్టర్లు ఎక్కడున్నాయో విద్యాశాఖ ఒక జాబితా తయారుచేయాలి, సెలవుల్లో వాటిని తెరిచే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

మీ విలేకరులకూ ఒక మనవి. పోలీసుల ప్రెస్‌మీట్‌లో నిందితుడి వయసు పద్దెనిమిది, పందొమ్మిది అని రాసుకునేటప్పుడు, అది ఏ కాగితంలో ఉందో ఒక్కసారి అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
హనుమకొండ