అక్కడ ఏ తేనెటీగా కుట్టలేదు

ఎడిటర్ గారికి నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో వచ్చే ఇంగ్లిష్ పాఠాన్ని మా పిల్లలు కత్తిరించి మరీ దాచుకుంటారు, అందుకే ఈ ఉత్తరం. మొన్న ‘బీ-స్టంగ్ లిప్స్’ అంటే ‘తేనెటీగ కుట్టి వాచిన పెదవులు’ అని రాశారు. పైగా ఆ అమ్మాయి డాక్టర్ దగ్గరికి పరుగెత్తిందని ఉదాహరణ ఒకటి! అక్కడ తేనెటీగా లేదు, డాక్టరూ లేడు. అది పొగడ్త. పెదవులు నిండుగా, కాస్త ఉబ్బెత్తుగా, ఏదైనా కుట్టిందా అన్నట్టుండి చూడ్డానికి బాగుంటే ఆ మాట వాడతారు.

1920ల నాటి హాలీవుడ్ మూకీ తార మే ముర్రేకి ‘బీ-స్టంగ్ లిప్స్ ఉన్న అమ్మాయి’ అనే పేరే ఉండేది. అప్పటి సినిమాలు ఎక్కువగా నలుపు తెలుపే కాబట్టి తెర మీద పెదవుల ఎరుపు ఎవరికి కనిపిస్తుంది, కనిపించేదల్లా ఆకారమే. అందుకే దీన్ని ‘బింబాధరి’ అని తెలుగు చేసేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. బింబం అంటే దొండపండు, అది పండితే ఎర్రగా ఉంటుంది, ఆ పోలిక రంగు గురించి. ‘నిండు పెదవులు’ అంటే సరిపోతుంది.

నిజంగా తేనెటీగ కుడితే ‘ఎ బీ స్టంగ్ హర్ లిప్’ అనాలి, వాచిన పెదవిని ‘స్వోలెన్ లిప్’ అనాలి. విశేషణంగా వాడినప్పుడు ‘బీ’, ‘స్టంగ్’ అనే రెండు మాటల మధ్య చిన్న గీత పెట్టి ‘లిప్స్’ ముందు రాస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది నవలల్లో, ఫ్యాషన్ పేజీల్లో, ఇప్పుడైతే పెదవులను నిండుగా చేసే ఫిల్లర్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ల ప్రకటనల్లో కనిపించే వర్ణన. ఎవరైనా కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఆఫీసులో పక్క సీటు అమ్మాయితో అన్నాడంటే సాయంత్రానికి హెచ్ఆర్ నుంచి పిలుపొస్తుంది. ఆ హెచ్చరిక పాఠంలో ఉండొద్దా?

అసలు పిల్లలకు ముందు నేర్పాల్సింది ‘చాప్డ్ లిప్స్’, అంటే చలికి పగిలిన పెదవులు. అది రోజూ పనికొచ్చే మాట.

సవరణ వేసేట్టయితే పాఠం వచ్చే చోటే వేయండి, లోపలి పేజీలో ఏ మూలనో వేస్తే ఎవరూ చూడరు.

– ఒక పాఠకుడు, తెనాలి